నేను లేని పదకొండు రోజుల హాజరు

దెయ్యాలు లేవని నా నమ్మకం. ఇది రాసి ముగించాక కూడా ఆ నమ్మకం అలాగే ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను. మీర్‌పేటలో మా ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, దాని పక్కన నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు వేలాడుతూ ఉంటాయి. ఎవరైనా కూరగాయల కొట్టనుకుని బేరానికి వస్తారేమోనని అమ్మని ఏడిపించేదాన్ని. చీకటంటే భయం లేదు. శ్మశానం పక్కనుంచి ఒక్కదాన్నే నడిచి వెళ్ళగలను.

అలాంటి నాకు జరిగింది కాబట్టి రాస్తున్నాను. నాకు తెలిసింది మాత్రమే రాస్తాను. తెలియనిది తెలియదనే రాస్తాను.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చదివాను. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. నా పేరు కల్యాణి, రోల్ నంబరు చివరి రెండంకెలు ముప్పై ఒకటి. నా తర్వాత ముప్పై రెండు, కరుణ. ఇంగ్లీషు అక్షరాల వరస ప్రకారం నంబర్లు ఇస్తారు కాబట్టి మొదటి ఏడాది నుంచీ ల్యాబులో, పరీక్ష హాల్లో, చివరికి క్లాసు బెంచీలో కూడా మేమిద్దరం పక్కపక్కనే. స్నేహం మేం చేసుకున్నది కాదు, కాలేజీ రిజిస్టరు చేసి పెట్టింది.

మాది తెనాలి వైపు నుంచి వచ్చి మీర్‌పేటలో స్థిరపడిన కుటుంబం. కరుణది యాచారం దాటాక లోపలికి మూడు కిలోమీటర్లున్న ఊరు. వాళ్ళ నాన్న పేరు దేవదానం. ఫార్మా సిటీకి పొలం పోగా మిగిలిన కాస్త నేలలో పత్తి వేస్తాడు. నా భాషంటే కరుణకి మహా వేడుక. నేను ఎవరినైనా "అండీ" అన్నప్పుడల్లా ఇంకో రెండు "అండీ"లు చేర్చి వెక్కిరించేది. నేను ఉడుక్కుంటే, "జర నవ్వవే, మొఖం గట్ల పెట్టకు," అనేది.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక ఇద్దరం కాలేజీ బస్సు మానేసి ఆర్టీసీలో వచ్చేవాళ్ళం. ఆమె యాచారం వైపు నుంచి, నేను నగరం వైపు నుంచి. ఇద్దరికీ ఆలస్యం మామూలే. నాకు సాగర్ రోడ్డు ట్రాఫిక్, ఆమెకి ఎప్పుడొస్తుందో తెలియని బస్సు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరు ముందు చేరితే వాళ్ళు రెండో వాళ్ళకి ప్రాక్సీ చెప్పాలి, అంటే హాజరప్పుడు వాళ్ళ నంబరుకి కూడా పలకాలి.

మా మొదటి పీరియడు రాఘవ సార్‌ది. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తరు. తొమ్మిది ఇరవైకి నంబర్లు చదవడం మొదలుపెడతారు, జవాబు వినిపిస్తే టిక్కు పెడతారు. మా కాలేజీలో ఆ పీరియడు హాజరే పూటంతటికీ లెక్క. పదింటికల్లా అది కంప్యూటరుకి ఎక్కుతుంది, పదిన్నరకల్లా రానివాళ్ళ ఇళ్ళకి మెసేజ్ వెళ్తుంది: మీ అమ్మాయి ఈరోజు కాలేజీకి రాలేదు.

అందరం "ప్రెజెంట్ సార్" అంటాం. కరుణ ఒక్కతే "ఉన్న సార్" అనేది. మొదట్లో సార్ రెండుసార్లు కోప్పడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. చిక్కేమిటంటే నాకు ప్రాక్సీ చెప్పేటప్పుడు కూడా అలాగే అనేది. ముప్పై ఒకటికి ఒక "ఉన్న సార్", ముప్పై రెండుకి ఇంకో "ఉన్న సార్". ఒకసారి దొరికిపోయి పీరియడంతా నిలబడింది. నా నంబరుకైనా ప్రెజెంట్ సార్ అని ఏడవవే అంటే, "నాకు గదే వస్తది, ఏం జెయ్యాలె," అంది. నేను మాత్రం బాగా నేర్చాను. తల వంచి, గొంతు కొంచెం లోపలికి తీసుకుని, "ఉన్న సార్" అని అచ్చం ఆమెలాగే అనేదాన్ని. క్లాసులో నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళు. ఆ నవ్వులకి నేను ఉబ్బిపోయేదాన్ని కూడా.

దేవదానం గారికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ మెసేజ్ గురించి కరుణ ఆయనకి వివరంగా చెప్పి పెట్టింది. "కాలేజ్ నుంచి మెసేజ్ వస్తే నేను చేరలే, రాకపోతే చేరిన బాపూ," అని. క్లాసులో ఫోను ఎత్తడం కుదరదు కాబట్టి, ఊరి నుంచి బస్సెక్కిన పిల్ల క్షేమంగా చేరిందో లేదో ఆయనకి తెలిసే దారి అదొక్కటే. పదిన్నరకి చేలో ఫోను తీసి చూసుకుని, ఏమీ రాకపోతే మళ్ళీ జేబులో పెట్టుకునేవాడట. ఈ సంగతి కరుణ నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. మా ఒప్పందం ఆ మెసేజ్‌ని పనికిరాకుండా చేస్తోందని మా ఇద్దరికీ తట్టలేదు.

మూడో ఏడాది, వానాకాలం. కరుణకి రెండు రోజులుగా జ్వరం. మూడో రోజు ల్యాబు ఇంటర్నల్. ముందురోజు సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది, జ్వరం తగ్గింది, రేపు వస్త, లేటైతే ప్రాక్సీ చెప్పు అని. సరే అన్నాను.

పొద్దున ఆమె రాలేదు. రాఘవ సార్ ముప్పై ఒకటి అన్నారు, ప్రెజెంట్ సార్ అన్నాను. ముప్పై రెండు అన్నారు. "ఉన్న సార్" అన్నాను. ఎప్పటిలాగే ఎవరో కిసుక్కున నవ్వారు.

రెండో పీరియడుకీ రాలేదు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. జ్వరం మళ్ళీ వచ్చి ఇంటికి తిరిగి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. నా ల్యాబు చేశాను, నా డబ్బా తిన్నాను. దొండకాయ వేపుడు. అది కూడా గుర్తుంది.

కరుణ ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగింది. కళ్ళు తిరిగాయేమో, లోపల ఆడవాళ్ళ వెయిటింగ్ హాల్లో మూల బల్ల మీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తల వాల్చింది. బస్టాండులో అలా నిద్రపోయేవాళ్ళు రోజూ ఉంటారు. ఎవరూ పట్టించుకోలేదు. ఒంటిగంటకి అక్కడ ఊడ్చే ఆమె కాళ్ళు పక్కకి పెట్టుకోమని తట్టి లేపబోతే కరుణ పక్కకి ఒరిగిపోయింది. బ్యాగులో ఐడీ కార్డు మీద నంబరు చూసి దేవదానం గారికి ఫోను చేసింది ఆమే. దవాఖానకి తీసుకెళ్ళారు, అక్కడి నుంచి సిటీకి పంపారు. డెంగీ అన్నారు. మర్నాడు తెల్లవారకుండానే పోయింది. ఓ రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమని డాక్టరు అన్నాడట.

సమాధి చేసేటప్పుడు నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. పాస్టరు ప్రార్థన చేశాక జనం ఒక్కొక్కరే దేవదానం గారి చేతులు పట్టుకుంటున్నారు. ఆయన వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్తున్నాడు. "మెసేజ్ రాలే. పదిన్నరకు సూసిన, పదకొండుకు సూసిన. బిడ్డ కాలేజ్ల ఉన్నదనుకొని చేన్ల కలుపు తీసుకుంట ఉన్న."

నా వంతు వచ్చింది. ఆయన నాకూ అదే చెప్పాడు. నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను, అంతే. మెసేజ్ వెళ్ళి ఉంటే ఆయన ఫోను చేసేవాడు. స్విచ్ ఆఫ్ అని వినగానే బయల్దేరేవాడు. కూతురు దిగే చోటు ఆయనకి తెలుసు. పదకొండుంపావుకి ఆ బస్టాండులో ఉండేవాడు. ఈ లెక్క ఆ రోజు నుంచి నేను ఎన్నిసార్లు వేశానో చెప్పలేను, ఎప్పుడూ ఒకే జవాబు వచ్చింది.

తర్వాత రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. అమ్మ సరేనంది. ఆ రెండు వారాలూ కల్యాణి రాలేదని రోజూ పదిన్నరకి అమ్మ ఫోనుకి మెసేజ్ వచ్చేది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ తర్వాత కాలేజీకని బయల్దేరేదాన్ని. బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో దిగేదాన్ని. అక్కడి నుంచి ఆటో ఎక్కలేకపోయేదాన్ని. నాలుగు రోజులు ఆ వెయిటింగ్ హాల్లో, ఆ మూల బల్లకి ఎదురుగా కూర్చుని మధ్యాహ్నం ఇంటికి తిరిగి వచ్చేశాను. ఇలా కాదు, వెళ్ళి ఆయనకి చెప్పేయాలనుకున్నాను. యాచారం బస్సెక్కాను. యాచారంలో దిగాక లోపలికి వెళ్ళే ఆటో ఎక్కడానికి కాళ్ళు రాలేదు. రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి తిరుగు బస్సెక్కాను. అలా ఒకసారి కాదు, ఏడు రోజులు వెళ్ళాను. మొత్తం పదకొండు రోజులు. మెసేజ్‌లు వస్తున్నా అమ్మ జాలిపడి అడగడం లేదనుకున్నాను. ఫ్రీ అయినా కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు కదా. దాని మీద ఎక్కడి నుంచి ఎక్కడికో, తేదీ, టైము అచ్చై ఉంటాయి. టికెట్లు పారేయడం నాకు అలవాటు లేదు, బ్యాగు పక్క జేబులో కుక్కేస్తాను. అమ్మ నన్ను చెత్తబుట్ట అనేది అందుకే.

పన్నెండో రోజు, ఇక ఆయన దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదని తేలిపోయాక, క్లాసుకి వెళ్ళాను. ముప్పై ఒకటి అన్నారు సార్. ప్రెజెంట్ సార్ అన్నాను. తర్వాత ముప్పై మూడు అన్నారు. కరుణ నంబరు మీద రిజిస్టరులో ఎర్ర గీత పడింది.

సెమిస్టరు చివర హాజరు జాబితా నోటీసు బోర్డుకి అంటించారు. డెబ్బై అయిదు శాతం లేకపోతే పరీక్షలకి కూర్చోనివ్వరు. నాది తక్కువ పడుతుందని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే తక్కువ పడాలనే కోరుకున్నాను. ఏదో ఒక శిక్ష పడితే బాగుండుననిపించేది.

నాకు డెబ్బై ఎనిమిది ఉంది.

మొదట తప్పు పడిందనుకున్నాను. స్టాఫ్ రూముకి వెళ్ళి సార్ని రిజిస్టరు చూపించమని అడిగాను. హాజరు ఎక్కువ పడిందని వచ్చిన మొదటి విద్యార్థివి నువ్వే అని నవ్వుతూ చూపించారు. ఇంట్లో ఉన్న రెండు వారాలూ ఆబ్సెంట్లు వరసగా ఉన్నాయి. ఆ తర్వాతి పదకొండు రోజులూ ముప్పై ఒకటికి ఎదురుగా టిక్కులు. ఆయన చేతివే, ఆయన నీలం సిరావే. వాటి కిందనే కరుణ పేరు మీద ఎర్ర గీత.

ఆ రోజుల్లో నేను రాలేదు సార్ అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "రాకపోతే ఎట్ల పెడ్త? నువ్వే చెప్పినవ్ కదమ్మ, రోజు విన్న. నీ నంబర్ పిలిస్తే 'ఉన్న సార్' అన్నవ్. ఆ పిల్ల లెక్క. బాధల ఉన్నవని నేనేం అనలే. తర్వాత మళ్ల ప్రెజెంట్ సార్ అనుడు మొదలుపెట్టినవ్, జర తేరుకున్నవనుకున్న."

నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయన నీళ్ళిచ్చారు.

మా వెనక బెంచీలో సనా కూర్చునేది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. పరీక్షలో కాపీ కొట్టమని జవాబు చూపించినా చూడదు. ఆమెని అడిగాను, నాకెవరు ప్రాక్సీ చెప్పారని.

"ఎవరు చెప్పలే," అంది సనా. "కరుణ పోయినంక మన క్లాసుల ప్రాక్సీ చెప్పే ధైర్యం ఎవరికున్నది? నువ్వే అన్నవనుకున్న. మీ బెంచీ దిక్కునుంచే వచ్చింది. మొదటి పీరియడ్ కాంగనే ఎటో పోతున్నవేమో అనుకున్న."

నన్ను చూశావా అన్నాను.

"సూడలే. ఆ బెంచీ దిక్కు సూడబుద్ధి కాలే. విన్న, గంతే."

ఇంకో ఆరుగురిని అడిగాను. అందరూ విన్నారు, ఎవరూ చూడలేదు. ఎవరూ తామే చెప్పామని ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే పోయేదేమీ లేదని, థాంక్స్ చెప్తానని కూడా అన్నాను. ఇంటికి వచ్చి అమ్మ ఫోను తీసి వెతికాను. రెండు వారాల మెసేజ్‌లు ఉన్నాయి. ఆ పదకొండు రోజుల్లో ఒక్క మెసేజూ లేదు. కాలేజీకి వెళ్తున్నాననే అమ్మ నిశ్చింతగా ఉంది, దేవదానం గారిలాగే.

బ్యాగు జేబు బోర్లించాను. యాచారం టికెట్లు ఏడూ దొరికాయి. వాటి మీద టైములు తొమ్మిది పది, తొమ్మిది పదహారు, తొమ్మిది ఇరవై రెండు. సార్ నంబర్లు పిలిచే వేళకి నేను యాచారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. నా బెంచీలో కూర్చుని నా నంబరుకి ఎవరో పలుకుతున్నారు.

భయం వేసిందా అని అడుగుతారు. వేయలేదు. సిగ్గుతో కుంగిపోయాను. ఒప్పందం ప్రకారం కరుణకి నేను చెప్పిన చివరి ప్రాక్సీ ఆమెను మింగేసింది. అది ఆమెకి తెలిసి ఉంటుందో లేదో నాకు తెలియదు. తెలిసి కూడా నాకు ప్రాక్సీ చెప్పిందేమోనన్న ఆలోచన మాత్రం నన్ను నిలవనివ్వలేదు. మర్నాడు మళ్ళీ యాచారం బస్సెక్కాను. ఈసారి లోపలికి వెళ్ళే ఆటో కూడా ఎక్కాను.

దేవదానం గారు ఇంటి ముందు పత్తి ఆరబోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆ రోజు ఆమె నంబరుకి పలికింది నేనని, అందుకే మెసేజ్ రాలేదని, పదకొండుంపావు లెక్క కూడా చెప్పాను. ఆ తర్వాత పదకొండు రోజుల సంగతి చెప్పి టికెట్లు ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాడు, ఆ ఇంగ్లీషు చదవగలిగినట్టు.

"సచ్చినోళ్లు మళ్ల రారు బిడ్డా. మా పాస్టరు జెప్తడు. నాకు ఎరుకే." టికెట్లని ఒకదాని మీద ఒకటి సర్దాడు. "ఉన్న సార్ అన్నదా?"

అవునన్నాను.

"గా దినం నువ్వెట్ల అన్నవ్? జర అను, వింట."

వద్దంకుల్ అన్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. కాదనే హక్కు నాకు లేదు. తల వంచి, గొంతు లోపలికి తీసుకుని అన్నాను. ఉన్న సార్.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కరుణ వాళ్ళమ్మ తడి చేతులతో గడప దాకా వచ్చింది. వాకిలంతా చూసింది. నన్ను చూసింది. "గట్లనే అంటుండె," అంది మెల్లగా, గడప మీద కూలబడింది.

దేవదానం గారు పత్తి వైపు తిరిగాడు. ఆయన వీపే కనిపిస్తోంది నాకు. "గంత మంచిగ అన్నవా," అన్నాడు. "ఇగ సార్‌కు అనుమానం ఎట్లొస్తది."

తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ పొమ్మనలేదు. పొద్దు వాలుతుండగా ఆయనే లేచి వచ్చి టికెట్లు నా చేతిలో తిరిగి పెట్టాడు.

"ఇగ పో బిడ్డా, బస్సుకు టైమైతది." నాలుగడుగులు నడిచాక వెనక నుంచి పిలిచాడు. "ఇంటికి చేరినంక మెసేజ్ పెట్టు. రాకపోతె చేరినట్టు అనుకునుడు ఇగ నాతోని కాదు."

చదువయిపోయింది. ఇప్పుడు ఆదిభట్లలో ఉద్యోగం. ఆ పదకొండు రోజులూ నా నంబరుకి పలికిందెవరో నాకు తెలియదు. ఎవరో జాలిపడి చెప్పి ఇప్పటికీ దాస్తున్నారని కొన్నాళ్ళు, సారే దయతలచి టిక్కులు పెట్టి కథ చెప్పారని కొన్నాళ్ళు అనుకుని చూశాను. రెండూ అతకలేదు. దెయ్యాలు లేవు. ఇంకేముందో నాకు తెలియదు.

ఆఫీసుకి చేరగానే మాత్రం బ్యాగు కింద పెట్టకముందే ఆయనకి మెసేజ్ పెడతాను. సాయంత్రం ఇంటికి చేరాక ఇంకొకటి. ఒక్కరోజూ మానలేదు. మొదట్లో "చేరాను అంకుల్" అని పెట్టేదాన్ని. ఎప్పుడు మారిందో గుర్తులేదు. మొన్న పాతవన్నీ చూసుకుంటే తెలిసింది, చాలాకాలంగా "చేరిన బాపూ" అని పెడుతున్నాను.